గ్రాఫిక్స్ కార్డు ఎన్ని వాట్లు తాగాలో మీరే తేల్చండి

ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3080 కార్డుకు కంపెనీ పెట్టిన పరిమితి 320 వాట్లు. నా దగ్గరున్న 3080 ఏడాదిలో ఎక్కువ రోజులు 230 వాట్ల దగ్గరే పనిచేస్తుంది. చేసే పనిలో వచ్చిన తేడా మాత్రం గడియారం పెట్టుకుని చూస్తే తప్ప తెలియనంత. కంపెనీ ఆ 320ని పరీక్షల పట్టికలో పోటీ కార్డు కంటే పైన కనిపించేలా ఎంచుకుంది. మన గది ఎంత వేడెక్కుతుందో, మీటరు ఎంత తిరుగుతుందో, గాలివానకు కరెంటు పోతే యూపీఎస్ ఎంత మోయగలదో వాళ్లకు తెలియదు. మనకు తెలుసు కాబట్టి ఆ అంకెను మార్చే పనీ మనదే.

నేను ఇంటీరియర్ డిజైనర్లకు, బిల్డర్లకు త్రీడీ బొమ్మలు, ఇంట్లో నడుస్తున్నట్టు కనిపించే వీడియోలు చేసి ఇస్తుంటాను. ఉండేది హైదరాబాద్ తార్నాకలో, సరిగ్గా డాబా కింది అంతస్తులో. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో పగలంతా కాగిన శ్లాబు రాత్రి పదకొండింటికి కూడా వేడిని కిందికి దింపుతూనే ఉంటుంది. నా రెండర్లు, అంటే త్రీడీ సీనును కంప్యూటర్ లెక్కగట్టి బొమ్మగా మార్చే పనులు, నడిచేది ఆ రాత్రుల్లోనే. కార్డు తీసుకునే ప్రతి వాటూ చివరికి వేడిగా మారి గదిలోకే వస్తుంది. అందుకే వాట్లు తగ్గించడం నాకు బిల్లు లెక్క కంటే పెద్ద విషయం. ఇక్కడ రాస్తున్నవన్నీ నా 3080 మీద, 12 జీబీ 3060 మీద, తెలిసినవాళ్ల మెషీన్ల మీద చేసి చూసినవే.

చివరి కొద్ది శాతానికి ఇంత కరెంటు ఎందుకు

ఇది అర్థమైతే తర్వాతి సెట్టింగులన్నీ వాటంతట అవే అర్థమవుతాయి, కాబట్టి కాస్త ఓపిక పట్టండి. చిప్పులో కోట్ల ట్రాన్సిస్టర్లు క్షణక్షణం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. అందుకు ఖర్చయ్యే శక్తి క్లాకు వేగానికి, అంటే సెకనుకు ఎన్నిసార్లు అలా జరుగుతుందనే దానికి, అనుగుణంగా పెరుగుతుంది, వోల్టేజీ విషయంలో మాత్రం దాని వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. వేగాన్ని పది శాతం పెంచితే పది శాతం ఎక్కువ శక్తి చాలు. కానీ ఆ వేగాన్ని తట్టుకోవడానికి వోల్టేజీని కూడా పది శాతం పెంచాల్సి వస్తే, ఆ ఒక్క కారణంగానే మరో ఇరవై ఒక్క శాతం తోడవుతుంది. పై అంచుకు దగ్గరయ్యేకొద్దీ కొద్దిపాటి మెగాహెర్ట్జ్‌ల కోసం చాలా వోల్టేజీ కావాలి. కంపెనీలు కార్డులను ఆ అంచు దగ్గరే వదులుతున్నాయి.

పాత కార్డుల అంకెలు చూడండి. 2014లో వచ్చిన జీటీఎక్స్ 980 పరిమితి 165 వాట్లు. 2016లో జీటీఎక్స్ 1080కి 180. 2020లో ఆర్‌టీఎక్స్ 3080కి ఒక్కసారిగా 320 అయింది. 2022లో 4090కి 450, 2025లో 5090కి 575. పనితనం పెరిగిన మాట నిజమే. అయినా పట్టికలో మొదటి స్థానం కోసం ఖర్చు చేస్తున్న వాట్లు ఇందులో చాలా ఉన్నాయి.

నా 3080 ఏ మార్పూ లేకుండా సుమారు 1.05 వోల్టుల దగ్గర 1900 మెగాహెర్ట్జ్ పరిగెడుతుంది. దాన్నే 0.85 వోల్టులకు, 1800 మెగాహెర్ట్జ్‌కు దించాననుకోండి. 0.85ను 1.05తో భాగించి వర్గం చేస్తే 0.655. క్లాకు నిష్పత్తి 0.947. రెండూ గుణిస్తే 0.62. అంటే వేగం ఐదు శాతం తగ్గితే, చిప్పు పనికి పట్టే శక్తి దాదాపు 38 శాతం తగ్గింది. మెమరీ, ఫ్యాన్లు, వోల్టేజీని మార్చే భాగాలు వేరుగా తీసుకుంటాయి కాబట్టి కార్డు మొత్తం మీద అంత తగ్గుదల కనిపించదు. పావు వంతుకు పైగా తగ్గుతుంది. అది చాలు.

ముందు కొలవండి

కొలవకుండా ఏ స్లైడరూ కదపవద్దు. గోడ ప్లగ్గుకు, కంప్యూటర్‌కు మధ్య పెట్టే చిన్న వాట్ మీటరు ఒకటి కొనుక్కోండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల ఎలక్ట్రికల్ దుకాణాల్లో అడగండి, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. వాట్లు చూపే స్మార్ట్ ప్లగ్ అయినా సరే. నిజంగా మీటరులో పడేది గోడ దగ్గర కొలిచిన అంకే. ఎస్‌ఎంపీఎస్ (మెషీన్‌కు కరెంటు అందించే లోపలి పెట్టె) తనలోనే సుమారు పదో వంతు వృథా చేస్తుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ చూపే అంకెకూ గోడ దగ్గరి అంకెకూ ఎప్పుడూ తేడా ఉంటుంది.

కార్డు ఒక్కదాని అంకె కోసం విండోస్‌లో జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాము తెరిచి సెన్సర్ల పేజీలో బోర్డ్ పవర్ డ్రా అనే వరుస చూడండి. పోటీ కంపెనీ ఏఎండీ వారి ఆర్‌ఎక్స్ 6000 వరుస కార్డులున్నవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. అవి చూపేది చిప్పు తీసుకునే వాట్లే, మొత్తం కార్డువి కావు. ఆర్‌ఎక్స్ 6600 తెర మీద 100 చూపుతున్నప్పుడు కార్డు మొత్తం 132 దాకా తీసుకుంటూ ఉండవచ్చు. ఎన్‌విడియా కార్డుల అంకె మొత్తం కార్డుకు సంబంధించినదే.

కొలవాల్సిన రెండో సంగతిని చాలామంది వదిలేస్తారు. వాట్లు మాత్రమే చూస్తే మోసపోతాం. ఒక పని పూర్తి కావడానికి ఎన్ని యూనిట్లు పట్టాయో చూడాలి. నేను ఒక హాలు సీనును బ్లెండర్ అనే త్రీడీ ప్రోగ్రాములోని సైకిల్స్‌తో రెండర్ చేసి, గోడ దగ్గర వాట్లనూ ఫ్రేముకు, అంటే వీడియోలో ఒక్కో బొమ్మకు, పట్టిన సమయాన్నీ రాసుకున్నాను. కార్డుకు 320 వాట్ల పరిమితి ఉన్నప్పుడు మెషీన్ మొత్తం సుమారు 470 వాట్లు తీసుకుంది, ఫ్రేముకు 250 సెకన్లు. గుణించి 3600తో భాగిస్తే ఫ్రేముకు దాదాపు 33 వాట్-అవర్లు (వెయ్యి వాట్-అవర్లు ఒక యూనిట్). 240కి దించితే గోడ దగ్గర 383, సమయం 265 సెకన్లు, ఫ్రేముకు 28. 200 దగ్గర 340 వాట్లు, 290 సెకన్లు, 27. ఇక్కడితో ఆగకుండా 150కి దించాను. గోడ దగ్గర 283 వాట్లే కానీ ఫ్రేముకు 390 సెకన్లు పట్టి, ఖర్చు మళ్లీ 31కి ఎక్కింది. కారణం తేలికే. కార్డు నెమ్మదించినంత సేపూ ప్రాసెసరు, మదర్‌బోర్డు, ఫ్యాన్లు, ఎస్‌ఎంపీఎస్ వృథా మామూలుగానే నడుస్తుంటాయి. మరీ దించితే ఆ స్థిరమైన ఖర్చు పెరిగిన సమయం పొడవునా పడుతుంది. మీ కార్డుకూ ఇలా ఒక మంచి చోటు ఉంటుంది. సాధారణంగా అది కంపెనీ పరిమితిలో 60 నుంచి 75 శాతం మధ్య కనిపిస్తుంది. నా అంకెలను నమ్మి ఊరుకోకుండా, మీ పనినే నడిపి మీ చోటు కనుక్కోండి.

పవర్ లిమిట్: ఐదు నిమిషాల పని

అన్నిటికంటే సులువైనదీ, ప్రమాదం లేనిదీ ఇదే. విండోస్‌లో ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాము పెట్టుకోండి. కార్డు ఏ కంపెనీదైనా పనిచేస్తుంది. పవర్ లిమిట్ స్లైడరును 100 నుంచి 75కి దించి, టిక్కు గుర్తు నొక్కండి. ఇక కార్డు ఆ వాట్లు దాటబోతుంటే తన క్లాకును, వోల్టేజీని తానే తగ్గించుకుంటుంది. కార్డు పాడవుతుందన్న భయం అక్కర్లేదు. కంపెనీ అనుమతించిన హద్దుల్లోనే మనం మారుస్తున్నాం.

లినక్స్‌లో ఎన్‌విడియా డ్రైవరుతో పాటే వచ్చే ఎన్‌విడియా-ఎస్ఎంఐ అనే ఆదేశం చాలు. దానికి మైనస్ క్యూ, మైనస్ డీ పవర్ అని తగిలిస్తే ఇప్పటి పరిమితి, కార్డు ఒప్పుకునే కనిష్ఠం, గరిష్ఠం కనిపిస్తాయి. ముందు అవి చూడండి. తర్వాత సూడో (అడ్మిన్) హక్కులతో మైనస్ పీఎల్ అని రాసి, పక్కన 240 అని వాట్లు ఇస్తే సరి. మైనస్ పీఎం 1 అని పర్సిస్టెన్స్ మోడ్ కూడా వేసి ఉంచండి. లేదంటే కార్డును ఏ ప్రోగ్రామూ వాడని సమయంలో డ్రైవరు దిగిపోయి మీ సెట్టింగు పోవచ్చు.

ఏఎండీ కార్డులకు ఆ కంపెనీ ప్రోగ్రాము ఆడ్రెనలిన్‌లో పెర్ఫార్మెన్స్, ట్యూనింగ్ పేజీలో ఇవన్నీ ఉంటాయి. చాలా ఏఎండీ కార్డుల్లో పవర్ లిమిట్ కిందికి కొద్ది శాతమే దిగుతుంది. అందువల్ల అక్కడ గరిష్ఠ క్లాకును, వోల్టేజీని తగ్గించడమే అసలు మార్గం. లినక్స్‌లో అయితే ఎల్ఏసీటీ అనే ప్రోగ్రాము ఈ పనులన్నీ ఒకే చోట చేసిపెడుతుంది.

చాట్‌బాట్‌ల వెనుక ఉండే ఏఐ భాషా నమూనాలతో పనిచేసే విద్యార్థులు ఇప్పుడు మన ఊళ్లో చాలామంది. నా స్నేహితురాలి కూతురు కొండాపూర్‌లో ఒకే గదిలో రెండు 3090 కార్డులతో ప్రాజెక్టు చేసుకుంటోంది. ఒక్కోటి 350 వాట్లు. ఆ గదిలో ఏసీ వేసినా నిలబడలేని పరిస్థితి. రెండింటినీ 250కి దించమన్నాను. పెద్ద నమూనా ఒక్కో పదాన్నీ పుట్టించేటప్పుడు చిప్పు లెక్కల వేగం కంటే మెమరీ నుంచి అంకెలు వచ్చే వేగమే అడ్డంకి. చిప్పు సగం సమయం మెమరీ కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది కాబట్టి దాని క్లాకు తగ్గించినా పని పెద్దగా నెమ్మదించదు. శిక్షణ ఇచ్చేటప్పుడు కొంత తేడా ఉంటుంది, అదీ భరించగలిగినంతే. వంద వాట్ల చొప్పున రెండు కార్డుల మీద తగ్గితే, ఆ వేడిని బయటికి తోయడానికి ఏసీ పడే శ్రమ కూడా తగ్గుతుంది. ఇప్పటి ఇన్వర్టర్ ఏసీకి ప్రతి నాలుగు వాట్ల వేడికి సుమారు ఒక వాటు ఖర్చవుతుందనుకుంటే, రెండు వందల వాట్ల వెనుక మరో యాభై ఉన్నట్టే.

అండర్‌వోల్టింగ్: అసలు లాభం ఇక్కడే

పవర్ లిమిట్ కార్డుకు పగ్గం వేస్తుందే కానీ, ఏ వోల్టేజీకి ఏ క్లాకు అనే పట్టికను కదపదు. కంపెనీ ఆ పట్టికను తయారు చేసేటప్పుడు అన్నింటికంటే బలహీనమైన చిప్పు కూడా పనిచేయాలని వోల్టేజీని కాస్త ఎక్కువగా రాస్తుంది. మీ చిప్పు అంత బలహీనమైనది కాకపోతే, ఆ అదనపు వోల్టేజీ వృథా. దాన్ని తీసేయడమే అండర్‌వోల్టింగ్. ఇది చేశాక నా 3080 సుమారు 230 వాట్ల దగ్గర 257 సెకన్లకు ఫ్రేము ఇస్తోంది. ఉత్త పవర్ లిమిట్‌తో 240 వాట్లకు పట్టిన 265 సెకన్ల కంటే ఇది మెరుగు.

ఎన్‌విడియా కార్డుకు ఎలా చేయాలో వరుసగా చెబుతాను. ముందు కార్డును పది నిమిషాలు ఏదైనా బరువైన పనితో వేడెక్కనివ్వండి. కార్డు వేడెక్కేకొద్దీ అదే వోల్టేజీ దగ్గర క్లాకును 15 మెగాహెర్ట్జ్ చొప్పున తనంతట తాను తగ్గించుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు గీసిన గీత వేడెక్కాక మరోచోట ఉంటుంది. అందుకని పని చేసే వేడిలో ఉన్నప్పుడే ఆఫ్టర్‌బర్నర్ తెరిచి కంట్రోల్, ఎఫ్ మీటలు కలిపి నొక్కండి. ఒక గ్రాఫు వస్తుంది. అడ్డంగా మిల్లీవోల్టులు, నిలువుగా మెగాహెర్ట్జ్‌లు, మధ్యలో చుక్కల వరుస మెట్లలా పైకి ఎక్కుతూ ఉంటుంది.

ఇప్పుడు ముఖ్య కిటికీలో కోర్ క్లాకు స్లైడరును బాగా కిందికి, మైనస్ 250 నుంచి 300 దాకా దించి టిక్కు నొక్కండి. చుక్కలన్నీ కలిసి కిందికి దిగుతాయి. తర్వాత గ్రాఫులో 850 మిల్లీవోల్టుల మీదున్న ఒక్క చుక్కను పట్టుకుని 1800 మెగాహెర్ట్జ్ దాకా పైకి లాగండి. మళ్లీ టిక్కు నొక్కండి. ఆ చుక్కకు కుడివైపు ఉన్నవన్నీ అదే ఎత్తులో ఒక బల్లపరుపు గీతగా మారిపోతాయి. అంటే కార్డు ఇక 850 మిల్లీవోల్టులు దాటదు, 1800 దాటదు. పైన ఇంకా ఎక్కడానికి మెట్టే లేదు. ఆ గీత అలా సాపుగా కనిపించాలి. ఎక్కడైనా ఒక చుక్క పైకి పొడుచుకుని ఉంటే కార్డు దాని కోసం ఎగబడుతుంది, దాన్నీ దించేయండి. దీన్ని ఒకటో ప్రొఫైల్‌లో భద్రపరచండి.

850, 1800 అనేవి 3080 వంటి ఆ తరం పెద్ద కార్డులకు మంచి మొదటి అంకెలు. వేరే తరం కార్డుకు అవే వాడవద్దు. పద్ధతి ఒకటే: ముందు పని చేస్తున్నప్పుడు మీ కార్డు మామూలుగా ఏ వోల్టేజీ, ఏ క్లాకు దగ్గర ఉంటుందో జీపీయూ-జెడ్‌లో చూసుకుని, క్లాకును ఐదారు శాతం తగ్గించి, వోల్టేజీని 100 మిల్లీవోల్టులు కిందికి తెచ్చి మొదలుపెట్టండి. పనిచేస్తే ఇంకా దించండి.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? ఇక్కడ తొందరపడితే నష్టం మనకే. వోల్టేజీ సరిపోకపోతే ఆట మధ్యలో మూసుకుపోతుంది, తెర ఒక్కసారి నల్లబడి డ్రైవరు మళ్లీ మొదలవుతుంది, బ్లెండర్ కూడా దోషం చూపి ఆగిపోతుంది. రాత్రంతా నడవాల్సిన రెండరు రెండింటికి ఆగిపోతే తెల్లారి పదింటికి ఇవ్వాల్సిన వీడియో ఆగినట్టే. అందుకని క్లయింటు పని పెట్టే ముందు, రే ట్రేసింగ్ ఉన్న ఆటనో బరువైన సీనునో రెండు మూడు రోజుల పాటు గంటల కొద్దీ నడపండి. పది నిమిషాల పరీక్ష పాసైతే సరిపోదు. ఎక్కడైనా తేడా వస్తే క్లాకును 15 మెగాహెర్ట్జ్ తగ్గించండి, లేదా వోల్టేజీని తర్వాతి చుక్కకు జరపండి. అంచు దొరికాక దానికి ఒక మెట్టు ఇవతలే ఉండిపోండి. ఒకే మోడల్ కార్డులు రెండున్నా రెండు చిప్పులూ ఒకేలా ఉండవు. మీ మిత్రుడి అంకెలు మీ కార్డుకు కుదరకపోవచ్చు.

ఏఎండీ కార్డుల్లో ఈ పని ఇంకా సూటిగా ఉంటుంది. ఆడ్రెనలిన్‌లో వోల్టేజీ స్లైడరును మొదట ఉన్నచోటు నుంచి 25 మిల్లీవోల్టుల చొప్పున దించుతూ పరీక్షించుకుంటూ పోవాలి.

లినక్స్‌లో నేను చేసే సులువు పద్ధతి వేరు. ఎన్‌విడియా-ఎస్ఎంఐకి మైనస్ ఎల్‌జీసీ అని ఇచ్చి, పక్కన 210, కామా, 1650 అని రాస్తే క్లాకు ఆ రెండింటి మధ్యే ఉంటుంది. క్లాకుకు పై హద్దు పడితే వోల్టేజీ కూడా దానంతట అది కిందే ఉండిపోతుంది. తీసేయాలంటే మైనస్ ఆర్‌జీసీ. నా 3060లో రాత్రి రెండర్లు ఇలాగే నడుస్తాయి.

ఆటలాడేవారికి ఒక్క మాట

మా కింది వాటాలో ఉండే కుర్రవాడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు, రాత్రిపూట ఆటలాడతాడు. సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్న ఆర్‌ఎక్స్ 6600 అతనిది. "అక్కా, ఆట ఇంకా మెనూలోనే ఉంది, ఫ్యాన్లు ఇంతగా అరుస్తున్నాయెందుకు?" అని ఒకరోజు పిలిచాడు. వెళ్లి చూస్తే కదలని మెనూ బొమ్మను కార్డు సెకనుకు వందల సార్లు గీస్తోంది. అతని మానిటర్ చూపగలిగేది 75 మాత్రమే. మిగిలినవన్నీ గీసి పారేసినవే. ఆడ్రెనలిన్‌లో ఫ్రేములకు హద్దు పెట్టే రేడియన్ చిల్ వేసి గరిష్ఠాన్ని 72 దగ్గర పెట్టాం. ఎన్‌విడియావారికి కంట్రోల్ ప్యానెల్‌లో మాక్స్ ఫ్రేమ్ రేట్ అనే వరుస అదే పని చేస్తుంది. తెరకు అవసరమైనంతే గీయమని చెప్పడం కంటే తేలికైన ఆదా లేదు.

అతని ఇంటికి తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి వర్తిస్తుంది. 2024 నుంచి అమలవుతున్న ఆ పథకంలో నెలకు 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు సున్నా, దాటితే మొత్తం కట్టాలి. గోడ దగ్గర 220 వాట్లు తీసుకునే మెషీన్ రోజుకు నాలుగు గంటలు నడిస్తే నెలకు 26 యూనిట్లు. దాన్ని 150 వాట్లకు తెస్తే 18. ఎండాకాలంలో కూలరు, ఫ్రిజ్ కలిసి మీటరును 195 దగ్గరికి తెచ్చిన నెలలో ఆ ఎనిమిది యూనిట్ల విలువ ఆ ఇంటివాళ్లకే తెలుస్తుంది. నాలాగా పై స్లాబుల్లో ఉన్నవారికి యూనిట్ తొమ్మిది రూపాయల పైమాటే. మూడు వందల ఫ్రేముల వీడియోకు నాకు ఆదా అయ్యేది దాదాపు రెండు యూనిట్లు, అంటే ఇరవై రూపాయల లోపు. ఒక్క వీడియోకు చిన్న మొత్తమే. నెలలో ఎన్ని రాత్రులు నడుపుతామన్న దాన్ని బట్టి అది పెరుగుతుంది.

పని లేనప్పుడు తాగే కరెంటు

రెండు మానిటర్లున్నవారు దీన్ని తప్పక చూడాలి. ఒకటి 144 హెర్ట్జ్, మరొకటి 60 హెర్ట్జ్ అయితే కొన్ని కార్డులు మెమరీ క్లాకును ఎప్పుడూ పైనే ఉంచుతాయి. డెస్క్‌టాప్ మీద ఏ పనీ లేకుండానే కార్డు పది పదిహేను వాట్ల బదులు నలభై యాభై తీసుకుంటుంది. జీపీయూ-జెడ్‌లో మెమరీ క్లాకు వరుస చూడండి. ఊరికే ఉన్నప్పుడు కూడా అది గరిష్ఠం దగ్గర ఉంటే ఇదే సమస్య. 144ను 120కి దించి చూడండి, రెండింటినీ ఒకే రేటుకు తెచ్చి చూడండి. ప్రాసెసరులోనే గ్రాఫిక్స్ ఉంటే రెండో మానిటర్ తీగను మదర్‌బోర్డుకు పెట్టండి. రోజుకు పది గంటలు తెరిచి ఉండే మెషీన్‌లో ముప్పై వాట్ల తేడా అంటే నెలకు తొమ్మిది యూనిట్లు. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ మేనేజ్‌మెంట్ మోడ్‌ను ప్రిఫర్ మాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్‌లో పెట్టి ఉంటే నార్మల్‌కు మార్చేయండి.

యూపీఎస్, ఎస్‌ఎంపీఎస్, తీగలు

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ నిజంగా ఇవ్వగలిగేది 360 వాట్లే. గోడ దగ్గర 470 వాట్లు తీసుకుంటున్న మెషీన్‌కు కరెంటు పోగానే ఆ యూపీఎస్ కూయడానికి కూడా సమయం లేకుండా ఆగిపోతుంది. కార్డును 200కి దించితే 340కి వస్తుంది, కానీ మానిటర్ కూడా దాని మీదే ఉంటే అదీ హద్దు మీదే. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మబ్బు కమ్మితే 160 వాట్ల ప్రొఫైల్ వేసి ఉంచుతాను. ఆఫ్టర్‌బర్నర్ రెండో ప్రొఫైల్ అందుకే. ఆ యూపీఎస్ బ్యాటరీ కొద్ది నిమిషాలే నిలుస్తుంది. ఫైలు భద్రపరచి మెషీన్ ఆపడానికి అది సరిపోతుంది.

ఎస్‌ఎంపీఎస్ గురించి దుకాణాల్లో మొత్తం వాట్లే చెబుతారు. అసలు ఇబ్బంది క్షణికమైన ఎగుళ్లతో, అంటే కార్డు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగే క్షణాలతో వస్తుంది. 3080, 3090 వంటి కార్డులు కంటికి తెలియనంత కొద్దిసేపు సగటు కంటే చాలా ఎక్కువ లాగగలవు. సగటు చూస్తే సరిపోయే ఎస్‌ఎంపీఎస్ కూడా ఆ క్షణంలో తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఆట మధ్యలో మెషీన్ ఒక్కసారిగా ఆరిపోయి, మళ్లీ ఆన్ చేస్తే మామూలుగా నడుస్తుంటే ముందు దీన్నే అనుమానించండి. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఈ ఎగుళ్లను దృష్టిలో పెట్టుకునే, వంద మైక్రోసెకన్ల పాటు రెట్టింపు భారాన్ని తట్టుకోవాలని నిర్దేశించింది. పాత ఎస్‌ఎంపీఎస్ ఉన్నవారికి అండర్‌వోల్టింగ్ ఇక్కడా సాయపడుతుంది. పవర్ లిమిట్ సగటునే అదుపు చేస్తుంది, క్లాకూ వోల్టేజీ రెండింటికీ పై హద్దు పెడితే ఎగుడు ఎత్తే తగ్గుతుంది.

తీగల విషయానికొస్తే, మదర్‌బోర్డు స్లాటు 75 వాట్లు, ఎనిమిది పిన్నుల తీగ 150 వాట్లు ఇచ్చేలా రూపొందాయి. రెండు తీగలు కావాల్సిన కార్డుకు ఒకే తీగ చివర రెండు తలలున్నది పెట్టకుండా, వేరువేరు తీగలు పెట్టండి. కొత్త కార్డుల 600 వాట్ల పదహారు పిన్నుల తీగ చివరిదాకా లోపలికి వెళ్లాలి. మధ్యలో ఆగిన కనెక్టర్లు కరిగిన సంఘటనలు 4090 వచ్చిన కొత్తలో చూశాం. పెట్టాక టార్చి వేసి, ఖాళీ కనిపించడం లేదని నిర్ధారించుకోండి.

ఎండాకాలం

వేడెక్కిన చిప్పులో పని లేకుండానే కారిపోయే కరెంటు పెరుగుతుంది. అందుకే అదే పనికి, అదే క్లాకు దగ్గర, 80 డిగ్రీల చిప్పు 60 డిగ్రీల చిప్పు కంటే కొన్ని వాట్లు ఎక్కువ తీసుకుంటుంది. హోలీ దాటగానే క్యాబినెట్ విప్పి దుమ్ము దులపండి. మెట్రో పనులో, పక్కన కొత్త అపార్టుమెంటో ఉన్న వీధుల్లో మూడు నెలలకే ఫిల్టరు మూసుకుపోతుంది. బ్లోయరు పెట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, విచ్చలవిడిగా తిరగనివ్వకండి. క్యాబినెట్‌ను గోడకు ఆనించి పెట్టవద్దు, టేబుల్ కింది అరలో అసలే వద్దు.

ల్యాప్‌టాప్‌లలో పవర్ లిమిట్ చాలావరకు తాళం వేసి ఉంటుంది, ఎన్‌విడియా-ఎస్ఎంఐ ఒప్పుకోదు. అక్కడ తయారీదారు ఇచ్చిన సైలెంట్, బ్యాలెన్స్‌డ్ మోడ్‌లు, ఫ్రేముల హద్దు, కొన్నింటిలో ఆఫ్టర్‌బర్నర్ గ్రాఫు మాత్రమే మన చేతిలో ఉంటాయి.

చివరిగా, సెట్టింగు నిలిచి ఉండటం గురించి. ఆఫ్టర్‌బర్నర్‌లో విండోస్ గుర్తున్న చిన్న బొత్తాన్ని నొక్కి ఉంచితేనే మెషీన్ ఆన్ చేసినప్పుడల్లా మీ గ్రాఫు అమలవుతుంది. రెండు మూడు రోజుల పరీక్ష పూర్తయ్యేదాకా దాన్ని నొక్కవద్దు. తేడా వస్తే మెషీన్‌ను తిరిగి ఆన్ చేయగానే పాత స్థితికి రావడం మంచిది. లినక్స్‌లో మైనస్ పీఎల్, మైనస్ ఎల్‌జీసీ రెండూ రీబూట్ కాగానే పోతాయి. వాటిని మెషీన్ ఆన్ కాగానే దానంతట అదే నడిచే ఒక చిన్న సిస్టమ్‌డీ సర్వీసులో రాసుకోండి. డ్రైవరు కొత్తది వేసిన రోజున మాత్రం తప్పకుండా జీపీయూ-జెడ్‌నో ఎన్‌విడియా-ఎస్ఎంఐనో తెరిచి, పరిమితి మీరు పెట్టినచోటే ఉందో లేదో చూసిన తర్వాతే రాత్రి రెండరు మొదలుపెట్టండి.